మాయాబజార్‌లో భీముడు ఎక్కడ?

గంటస్తంభం_పక్కవీధి
నలభై ఏళ్లుగా ప్రమాణం చేసి చెప్పగలను అనుకున్న ఒక సన్నివేశం అసలు సినిమాలోనే లేదని పోయిన ఆదివారం తెలిసింది. అప్పటి నుంచి మనసు స్థిమితంగా లేదు.

పాత సినిమాల మీద వారానికొక సమీక్ష రాద్దామని ఉగాదికి మొదలుపెట్టాను. ఐదు వారాలు బాగానే సాగింది. ఆరో వారం ‘మాయాబజార్’. చిన్నప్పుడు చూసిందే, నోటికి వచ్చిందే అన్న ధైర్యంతో మళ్లీ చూడకుండానే రాసేశాను. అందులో భీముడి మీద ఒక పేరా ఉంది. చీకట్లో మర్రిచెట్టు కింద భీముడు గద భుజాన వేసుకుని నిలబడి ఉంటాడు. ఘటోత్కచుడు దగ్గరికి వస్తాడు. తండ్రి ఏమీ అనడు. కొడుకు వీపు మీద చెయ్యి వేస్తాడు, అంతే. సినిమా మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం అదే. సమీక్షను దానితోనే ముగించాను.

పెట్టిన గంటకే ఒకాయన అడిగారు: “మీరు ఏ మాయాబజార్ చూశారండీ? కె.వి. రెడ్డిగారి సినిమాలో పాండవులు ఒక్కరు కూడా కనిపించరు.” కోపం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని మూడు గంటల సినిమా మొత్తం చూశాను. ఆయన చెప్పినదే నిజం. భీముడు లేడు, ధర్మరాజు లేడు, అర్జునుడు లేడు. కథంతా వాళ్ల ఇంటి పెళ్లి గురించే, వాళ్లు మాత్రం తెర మీదకు రారు.

నేను ఆ సినిమా చూసింది చీపురుపల్లి దగ్గర మా ఊరి డేరాలో, నాన్నతో. 1983 ప్రాంతం. నాకు ఎనిమిదేళ్లు. మరి ఆ భీముడు ఎక్కడి నుంచి వచ్చాడు? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఇంకొక మాట కూడా అడగాలి. ఇంత తప్పుడు జ్ఞాపకం ఉన్నవాడు పాత సినిమాల మీద సమీక్షలు రాయవచ్చునా?

పలాస_జీడిపిక్క
భీముడు వంటింట్లో ఉండి ఉంటాడు. “వివాహ భోజనంబు” అంతా ఘటోత్కచుడే ఆరగిస్తుంటే తండ్రి ఊరుకుంటాడా!

నేలటికెట్
రాయవచ్చు. రాయాలి కూడా. సినిమా తెర మీద సగం, చూసేవాడి కళ్లలో సగం ఉంటుంది. మీ సగంలో భీముడు ఉన్నాడు. దాన్ని తీసేస్తే మీ సమీక్షకూ పాటల పుస్తకం వెనక అట్ట మీద వేసే కథాసారానికీ తేడా ఏముంటుంది?

రెండోసారి_చూడు
నేలటికెట్ గారి మాట వినడానికి బాగుంది, ఆచరణకు పనికిరాదు. చూడకుండా రాయడం తప్పు. గంటస్తంభం గారు నొచ్చుకోవద్దు, ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి, తప్పును తప్పు అనకుండా ఉండలేను.

ఎందుకు ఇంత పట్టుదల అంటారేమో. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి తీశారు. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. ఆ సినిమా ఎలా ఉండేదో అప్పటివాళ్లు కాగితం మీద పెట్టిన నాలుగు మాటల వల్లే మనకు తెలుస్తుంది. ఆ కాలంలో ఒక సమీక్షకుడు తన ఇంటి జ్ఞాపకాన్ని సినిమాలో కలిపేసి రాసి ఉంటే, ఇప్పుడు మనం దాన్నే సినిమా అనుకుంటాం. సరిచూసుకునే దారి లేదు. ‘మాయాబజార్’కు ప్రింటు మిగిలింది కాబట్టి మీ భీముడు గంటలో దొరికిపోయాడు.

నా పద్ధతి చెబుతాను. మొదటిసారి దీపాలు ఆర్పేసి, కలం పక్కన పెట్టి, ఉత్త ప్రేక్షకుడిగా చూస్తాను. రెండు రోజులు ఏమీ రాయను. ఆ రెండు రోజుల్లో ఏది గుర్తుకు వస్తూ ఉంటుందో గమనిస్తాను. తర్వాత నోటు పుస్తకంతో రెండోసారి. గుర్తున్నది గుర్తున్నట్టే తెర మీద ఉన్నదా అని చూస్తాను. సగం సార్లు ఉండదు.

గంటస్తంభం_పక్కవీధి
మాస్టారూ, నొచ్చుకోలేదు. సగం సార్లు ఉండదు అన్నారు చూడండి, ఆ మాటకు కాస్త ఊపిరి వచ్చింది.

ఆమదాలవలస_కుర్రాడు
నా వయసు ఇరవై మూడు. నిజం చెబుతాను, ఎవరూ తిట్టవద్దు. పాత సినిమాలు నేను ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తాను. ‘మాయాబజార్’ కూడా అలాగే చూశాను, అదీ రంగుల్లో. బాగుంది. కానీ అందరూ అంతగా ఎందుకు మురిసిపోతారో నాకు అందలేదు.

సాలూరు_సరిగమ
ఒకటిన్నర రెట్లా! “లాహిరి లాహిరి”లో పడవ వేగం చూశారా? తెడ్డు పడటానికీ లేవటానికీ మధ్య ఉన్న ఎడం మీదే ఆ పాట నడక నిలబడింది. మోహన రాగం అక్కడ తొందర లేకుండా విచ్చుకుంటుంది. మీరు చూసిన పడవ ఏదో పని మీద పోతున్న పడవ అయి ఉంటుంది తమ్ముడూ.

తిట్టడం లేదు. ఆ ఒక్క పాట మామూలు వేగంతో ఒకసారి చూసి రండి, అడుగుతున్నాను.

రీలుడబ్బా
భీముడి విషయంలో నాకొక ఆలోచన ఉంది. మా నాన్న డేరా సినిమా ఆపరేటర్. పాలకొండ, రాజాం, వీరఘట్టం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. సెలవుల్లో నేను ప్రొజెక్టరు పక్కనే పడుకునేవాణ్ణి.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. మాయాబజార్ లాంటి సినిమాకు పదహారో పదిహేడో రీళ్లు అవుతాయి. పట్నం హాల్లో రెండు ప్రొజెక్టర్లు ఉంటాయి, ఒకటి అయిపోతుండగానే రెండోది అందుకుంటుంది, మీకు తెలియదు. డేరాలో ఒక్కటే. రీలు అయిపోయిన ప్రతిసారీ బల్బు వెలుగుతుంది. వేరుసెనగకాయలవాడు కేక వేస్తాడు, పిల్లలు పరుగెత్తుతారు, మగవాళ్లు బీడీ ముట్టిస్తారు. నాన్న వేళ్లు కాలుతున్నా కార్బన్ కడ్డీలు సర్దుకుని, కొత్త రీలు ఎక్కించి, మళ్లీ వేస్తాడు. అంటే మూడు గంటల సినిమాలో ఒక్క విరామం కాదు, చాలా విరామాలు. ఆ చీకటి వెలుగుల మధ్య పెద్దవాళ్లు పిల్లలకు కథ అందించేవాళ్లు. ఇంతవరకు ఏం జరిగింది, ఇక ఏం జరగబోతోంది, ఆ వచ్చినవాడు ఎవరు, వాడి తండ్రి ఎవరు. చదువు రాని పెద్దలు కూడా భారతం గడగడా చెప్పేవాళ్లు.

ఇంకొకటి. ప్రింటు మా దాకా వచ్చేసరికి ఊళ్లూళ్లూ తిరిగి అరిగిపోయి ఉండేది. తెగిన చోట రెండు కొసలు గీకి జిగురు పెట్టి అతికించేవాడు నాన్న. అతికించిన ప్రతిసారీ కొన్ని బొమ్మలు పోతాయి. మాట మధ్యలో గెంతు పడుతుంది. నటుడు తలుపు దగ్గర ఉన్నవాడు అమాంతం మంచం మీద ఉంటాడు. మధ్యలో నడిచినది ప్రేక్షకుడే ఊహించుకోవాలి. డేరాలో సినిమా చూసినవాళ్లం అందరం కొంత కొంత సినిమా సొంతంగా తీసుకున్నవాళ్లమే. గంటస్తంభం గారు కాస్త ఎక్కువ తీశారు.

నేలటికెట్
రీలుడబ్బా గారూ, మీ నాన్నగారికి ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గొంతుతో “నమో వెంకటేశా” వేసేవారు, గుర్తుందా? ఆ పాట పొలాల మీదుగా వినబడితే అమ్మ గబగబా కంచాలు ఎత్తేసేది. పాట అయ్యేలోపు డేరా చేరాలి.

రీలుడబ్బా
గుర్తులేకపోవడమా! ఆ రికార్డు తుడిచే పని నాదే.

నాగావళి_ఒడ్డున
నాకు జరిగినది వేరే రకం. సన్నివేశం మారలేదు, నేను మారాను.

‘గుండమ్మ కథ’ చిన్నప్పుడు శ్రీకాకుళంలో నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను. సవితి కూతురు లక్ష్మి చేత చాకిరీ చేయిస్తుంటే గుండమ్మను చంపాలన్నంత కోపం వచ్చింది. చివర్లో ఆవిడ ఏడిస్తే చప్పట్లు కొట్టాను. నాయనమ్మ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. “దానికి మాత్రం ఎవరున్నారే” అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

మొన్న నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ చూశాను. మొగుడు లేని ఆడది ఆస్తి నిలబెట్టుకుంటూ, కొడుకునూ కూతురినీ పెంచుకుంటూ, మోసగాళ్ల మధ్య నోటినే కర్రలా వాడుకుంటూ బతుకుతోంది. లక్ష్మికి చేసినది అన్యాయమే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ సూర్యకాంతం కళ్లలో ఎప్పుడూ ఒక బెదురు ఉంటుంది. గదిమినప్పుడు కూడా ఉంటుంది. 1962 నుంచీ ఉంది, నేనే చూడలేదు. నాయనమ్మ మా తాత పోయాక ఇరవై తొమ్మిదేళ్లు ఒక్కతే ఇల్లు నడిపింది. ఆవిడ మొదటిసారే చూసేసింది.

కాబట్టి మాస్టారి రెండోసారి సరిపోదు. ఇరవై ఏళ్ల తర్వాత మూడోసారి కూడా కావాలి.

రెండోసారి_చూడు
ఒప్పుకుంటున్నాను అమ్మా. మీ పోస్టు చదివాక నా పాత ‘గుండమ్మ కథ’ సమీక్ష తీసి చూశాను. సూర్యకాంతం గురించి రెండు ముక్కలు రాశాను, రెండూ గయ్యాళితనం మీదే. ఈ వారంలో మళ్లీ చూసి కొత్తగా రాస్తాను.

పలాస_జీడిపిక్క
ఇలా అయితే మాస్టారు పేరు ‘మూడోసారి_చూడు’ అని మార్చుకోవాలి.

నాటకాల_పిచ్చి
విజయనగరం వాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. ‘కన్యాశుల్కం’. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా. నేను దాన్ని రెండుసార్లు చూసి రెండుసార్లూ తిట్టుకున్నాను. కారణం సినిమా కాదు, నాటకం. 1892లో ఇక్కడే మొదట ఆడారు. గురజాడ 1909లో దాన్ని ఏడంకాలుగా తిరగరాశారు. మా ఇంట్లో పెద్దవాళ్లకు మాట పొల్లుపోకుండా వచ్చు. జె.వి. సోమయాజులు రామప్పపంతులుగా, ఆయన తమ్ముడు రమణమూర్తి గిరీశంగా వేసిన ప్రదర్శనల గురించి భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఎన్.టి. రామారావు గిరీశాన్ని చూడటానికి కూర్చుంటే, తెర మీద ఉన్నది చూడడు. లేనిదాన్ని లెక్కపెడతాడు. ఈ మాట పోయింది, ఆ ఘట్టం పోయింది, ఫలానా విరుపు రాలేదు.

మూడోసారి పుస్తకం మరిచిపోయి చూడాలని మొండిగా కూర్చున్నాను. అప్పుడు కనిపించింది సావిత్రి మధురవాణి. ఆవిడ ఎదుటివాడి మాట వింటున్నప్పటి ముఖం చూడండి. మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు. అవతలివాడు ఎంతటివాడో తూకం వేసేసి, ఆ తూకం వాడికి తెలియనివ్వదు. నాటకంలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి ఆ చూపు అందదు. కెమెరా దగ్గరికి వెళ్లి పట్టుకుంది. సినిమా నాకు ఇచ్చినది అది. రెండుసార్లు చూసి కూడా అందుకోలేకపోయాను.

గంటస్తంభం గారు లేనిదాన్ని చూశారు, నేను ఉన్నదాన్ని చూడలేదు. ఏది పెద్ద తప్పు?

సాలూరు_సరిగమ
నాటకాల_పిచ్చి గారూ, మీదే పెద్దది. మధురవాణిని చూడకపోవడమా!

నా వంతు ఫిర్యాదు. మాయాబజార్ సమీక్షల్లో “సంగీతం ఘంటసాల” అని ఒక్క మాటతో దాటిపోతారు. తెర మీద పేరు ఆయనదే, సందేహం లేదు. కానీ “లాహిరి లాహిరి”, “చూపులు కలసిన శుభవేళ”, “నీవేనా నను తలచినది”, “శ్రీకరులు దేవతలు”, ఈ నాలుగింటికీ వరుసలు సాలూరి రాజేశ్వరరావు కట్టి ఉంచినవి. తర్వాత ఘంటసాల ఆ పాటలకు వాద్యాలు కూర్చి, మిగతావి తానే చేశారు. రాజేశ్వరరావుగారిది మా సాలూరు పక్కన శివరామపురం. 2022లో జిల్లాలు విడదీసేదాకా విజయనగరం జిల్లానే. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. చేరిన కొత్తల్లో ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తిన్నారు. ఆయనకు గాత్రం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారిదీ సాలూరే. ఇక “అహ నా పెళ్ళియంట” పాడిన సుశీలమ్మ పుట్టిందే విజయనగరంలో.

ఆ సినిమా మద్రాసులో తీసినా, చెవులతో చూస్తే సగం మన ఊరిది. ఇంత దగ్గరి సంగతి మనవాళ్లే సమీక్షల్లో రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

రెండోసారి_చూడు
సరిగమ గారూ, సమాచారం మంచిదే, కానీ ఒక హెచ్చరిక. ఈ మధ్య సమీక్ష అంటే తెర వెనక కబుర్లే అయిపోయాయి. ఫలానావారు వేషం ఎందుకు వదులుకున్నారు, ఫలానా దృశ్యానికి ఎన్ని రోజులు పట్టింది. సగం ఎవరో చెప్పగా విన్నవి. మీరు చెప్పినవి అలాంటివి కావు, తెలుసు. కానీ వరుస ఎవరు కట్టారో చెప్పి ఆగిపోతే సమీక్ష కాదు. వరుస వినేవాణ్ణి ఏం చేస్తోందో కూడా చెప్పాలి.

సాలూరు_సరిగమ
చెబుతాను. “అహ నా పెళ్ళియంట”లో శశిరేఖగా కనిపించే సావిత్రి నిజానికి మాయవేషంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గొంతు లేతగా, ముద్దుగా సాగుతూ ఉంటుంది, మధ్యలో ఘంటసాల గొంతు దూకుతుంది. అప్పుడు సావిత్రి భుజాలు చూడండి. ఒక్క క్షణంలో అవి ఆడపిల్ల భుజాలు కావు, ఘటోత్కచుడు వేసిన రంగారావు భుజాలు. గొంతు మారిన చోటే ఒళ్లు మారుతుంది, ఒక్క పిసరు ముందూ వెనకా కాదు. పాట ముందే రికార్డు అయి ఉంటుంది, ఆవిడ ఆ మలుపును ఒంట్లోకి ఎక్కించుకుంది. నేను సంగీతం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఈ పాట చూపిస్తాను. తాళం అంటే చేత్తో వేసేది మాత్రమే కాదని చెప్పడానికి.

సరిపోయిందా మాస్టారూ?

రెండోసారి_చూడు
సరిపోయింది. నూటికి నూరు.

ఆమదాలవలస_కుర్రాడు
రంగుల ప్రింటు గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది చూడటం కూడా తప్పేనా?

రీలుడబ్బా
తప్పు కాదు బాబూ. 2010లో హాళ్లలోకి వచ్చినప్పుడు నేనూ టికెట్టు కొనుక్కుని వెళ్లాను. నాన్నను కూడా తీసుకెళ్లాను. కొంత కత్తిరించారు, అయినా అంత పెద్ద తెర మీద ఆ సినిమా మళ్లీ చూస్తామని ఎవరనుకున్నారు? నాన్న చాలా సంతోషపడ్డాడు. బయటికి వచ్చాక మాత్రం “వెన్నెల ఏదిరా?” అని అడిగాడు.

కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ పడవ పాటలో ఆ వెన్నెలను దీపాలతో పుట్టించాడు. నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్ని మెట్లు ఉన్నాయో అన్నీ వాడుకున్నాడు. నీళ్ల మీద తళుకు, ముఖం మీద నీడ, వెనక ఆకుల మీద పలచటి వెలుగు. దాని మీద నీలం పూస్తే అది నీలం అవుతుంది, వెన్నెల తగ్గుతుంది. మీరు ఆ పాట వరకైనా నలుపు తెలుపులో చూడండి. ఫోనులో కాకుండా కాస్త పెద్ద తెర మీద, గదిలో దీపం ఆర్పి.

నాగావళి_ఒడ్డున
“వెన్నెల ఏదిరా?” అన్న ఆ ఒక్క మాట చాలు. రీలుడబ్బా గారూ, మీ నాన్నగారు రాస్తే బాగుండేది.

రీలుడబ్బా
ఆయనకు సంతకం వరకే వచ్చు అమ్మా. అయితే ఏ రీల్లో ఏ చోట ఎన్ని అతుకులు ఉన్నాయో తడిమి చెప్పేవాడు.

నాటకాల_పిచ్చి
అసలు ప్రశ్నకు వద్దాం. భీముడి సంగతి నాకు తట్టింది. ‘పాండవ వనవాసం’ 1965. కమలాకర కామేశ్వరరావు తీసినది. అందులో రామారావు భీముడు, రంగారావు దుర్యోధనుడు. అదే రామారావు మాయాబజార్‌లో కృష్ణుడు, అదే రంగారావు ఘటోత్కచుడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు రెండూ ఒకే డేరాలో చూసి ఉంటే కలిసిపోవడంలో వింత లేదు.

పలాస_జీడిపిక్క
దొంగ దొరికాడు!

గంటస్తంభం_పక్కవీధి
నిన్న రాత్రి ‘పాండవ వనవాసం’ చూశాను. అందులో భీముడు ఉన్నాడు, కానీ నా భీముడు కాడు. ఆయన గర్జిస్తాడు, తొడ కొడతాడు. నా భీముడు ఒక్క మాట కూడా మాట్లాడడు. మర్రిచెట్టూ లేదు.

వెతకడం ఆపేద్దామనుకున్నాను. ఇవాళ పొద్దున అమ్మకు ఫోను చేశాను. వేరే పని మీద, మందుల గురించి. మాటల్లో అడిగాను, “అమ్మా, మాయాబజార్ డేరాకు వచ్చినప్పుడు నువ్వూ వచ్చావా?” అని. వచ్చాను అంది. “ఆ రోజు నువ్వు మీ నాన్నను నిలవనిచ్చావా? రీలు మార్చిన ప్రతిసారీ ఘటోత్కచుడి నాన్న ఏడీ, ఎప్పుడొస్తాడు అని ఒకటే గోల. వస్తాడు, వస్తాడు అని మీ నాన్న ఆఖరిదాకా లాక్కొచ్చారు. సినిమా అయిపోయింది, రాలేదు. నువ్వు డేరా బయట కూర్చుని ఏడుపు.”

తర్వాత అమ్మ చెప్పింది నాకు ఏమాత్రం గుర్తులేదు. డేరాకూ మా ఇంటికీ మధ్య చెరువు గట్టు ఉంది, గట్టు మీద మర్రిచెట్టు. ఇప్పుడు లేదు, గాలివానకు పడిపోయింది. నాన్న రాత్రిపూట పాముల కోసం చేతికర్ర పట్టుకుని నడిచేవారు. మర్రిచెట్టు దగ్గరికి రాగానే ఆయన ముందుకు వెళ్లి, కర్ర భుజాన వేసుకుని, చీకట్లో అటు తిరిగి నిలబడ్డారట. “అదిగో వచ్చాడు” అని అమ్మ చెప్పిందట. నేను ఏడుపు మాని దగ్గరికి వెళ్లానట. నాన్న వీపు మీద చెయ్యి వేశారట.

ఆయన ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడేవారు కాదు. పోయి పదకొండేళ్లు.

ఇంతకు మించి ఇప్పుడు రాయలేను.

సాలూరు_సరిగమ
ఈ పోస్టు మా ఆయనకు చదివి వినిపించబోయి మధ్యలో ఆగిపోయాను.

నేలటికెట్
మాయాబజార్‌లోనే ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. గంటస్తంభం గారూ, మీకు సినిమా మొత్తం ఆ పెట్టె అయింది. మీ సమీక్షలో ఆ పేరా ఉండనివ్వండి.

రెండోసారి_చూడు
నాలుగుసార్లు చదివాను. అయినా నా మాట మారదు. సమీక్షలోంచి ఆ పేరా తీసేయాలి. రేపు ఎవరో దాన్ని చదివి ‘మాయాబజార్’లో భీముడు ఉన్నాడని రాస్తారు. కె.వి. రెడ్డి, మాటలు రాసిన పింగళి ఎంత ఆలోచించి పాండవులను తెర బయట ఉంచారో ఆ పని మరుగున పడిపోతుంది. పాండవులు కనిపిస్తే మనం వాళ్ల కష్టాలు చూస్తూ కూర్చుంటాం, పెళ్లి సందడి చెడుతుంది. వాళ్లు లేకపోవడం వల్లే ఆ ఇంటి నవ్వులకు చోటు దొరికింది. ఇది సినిమాకు ప్రాణం లాంటి విషయం.

అయితే మీ నాన్నగారి గురించి విడిగా రాయండి. పూర్తిగా రాయండి. చెరువు, గట్టు, చేతికర్ర, అమ్మ మాటలు, అన్నీ. అది సమీక్ష కంటే చిన్నది అని నేను అనడం లేదు. దానికి దాని చోటు ఇవ్వాలి, అంతే.

నాగావళి_ఒడ్డున
నేను మాస్టారితో సగమే ఏకీభవిస్తాను. పాండవులు లేకపోవడం వల్ల సినిమా ఎలా పని చేస్తోందో చెప్పారు చూడండి, దానికి ఇంతకంటే మంచి రుజువు ఉందా? ఒక పిల్లవాడు లేని తండ్రి కోసం సినిమా అంతా ఎదురుచూశాడు. ఆ లోటు వాడికి తెలిసింది. పెద్దవాళ్లమైన మనలో ఎంతమందికి భీముడు లేడని తోచింది? నాకైతే ఇవాళ్టి దాకా తోచలేదు. “ఈ సినిమాలో భీముడు లేడు, నాకు మాత్రం ఇలా కనిపించాడు” అని చెప్పి రాస్తే అబద్ధం ఎలా అవుతుంది?

రెండోసారి_చూడు
లేడని ముందు చెప్పి, తర్వాత రాస్తే నాకు అభ్యంతరం లేదు. ఆ క్రమం తప్పకూడదు.

గంటస్తంభం_పక్కవీధి
రెండు రోజులు ఆలోచించాను. సమీక్ష మార్చాను. మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: “ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు.” అక్కడి నుంచి మాస్టారు చెప్పిన దారిలో వెళ్లాను, సరిగమ గారి భుజాల సంగతి కూడా వారి పేరుతోనే చేర్చాను. నాన్న ఇందులో లేరు. ఆయన గురించి వేరే కాగితం మీద మొదలుపెట్టాను, రెండు పేజీలు అయింది. అమ్మ దగ్గరికి వెళ్లి ఇంకా అడగాలి. ఆ కర్ర ఇంట్లోనే ఎక్కడో ఉందట.

రీలుడబ్బా గారూ, ఒక ప్రశ్న. చీపురుపల్లి వైపు డేరాలకు కూడా మీ నాన్నగారు వచ్చేవారా?

రీలుడబ్బా
రాజాం దాటి అటు వెళ్లేవాడు కాదు. ఆ రోజు మీకు సినిమా వేసినవాడు వేరే ఎవరో. కానీ రీలు మార్చేటప్పుడు ఎక్కువసేపే తీసుకుని ఉంటాడు, మీ నాన్నగారికి కథ చెప్పడానికి వీలుగా.

ఆమదాలవలస_కుర్రాడు
అందరూ చెప్పారని నిన్న రాత్రి మాయాబజార్ మొదటి నుంచి పెట్టాను. నలుపు తెలుపు, మామూలు వేగం, టీవీలో. నాన్నగారు అటుగా వెళ్తూ నిలబడ్డారు, తర్వాత కూర్చున్నారు. పడవ పాటకు ఆయన పాడటం మొదలుపెట్టారు. ఆయన పాడతారని నాకు తెలియదు.

ఒక సందేహం. ప్రియదర్శినిలో అందరికీ ఇష్టమైనవాళ్లు కనిపించారు. కృష్ణుడికి శకుని కనిపించాడు. అది ఎందుకు?

నేలటికెట్
ఆహా, మంచి చోట పట్టుకున్నావు బాబూ.

రెండోసారి_చూడు
నాకు తోచిన జవాబు ఒకటి ఉంది. అది తర్వాత రాస్తాను. మీ నాన్నగారు ఏమన్నారో ముందు చెప్పండి.